పాతబస్తీలో ఓటమి, హుజూర్‌నగర్‌లో గెలుపు: మఖ్దూం మొహియుద్దీన్ ఎన్నికల కథ

మఖ్దూం మొహియుద్దీన్ అనగానే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది షాయరీ. 'బజార్' సినిమాలో ఆయన గజల్ తెలియని ఉర్దూ ఇల్లు ఉండదు. ట్యాంక్‌బండ్ మీద విగ్రహం అందరూ చూసిందే. హిమాయత్‌నగర్‌లో సీపీఐ ఆఫీసుకు ఆయన పేరే పెట్టారు. కానీ ఆయన ఒకప్పుడు ఎమ్మెల్యే అని, అది కూడా నల్గొండ జిల్లా హుజూర్‌నగర్ నుంచి గెలిచారని చెబితే మన పిల్లల్లో చాలామందికి కొత్తగా అనిపిస్తుంది.

అందులోనూ ఇంకో సంగతి ఉంది. ఆ గెలుపుకు ముందు అదే ఏడాది ఆయన హైదరాబాద్ పాతబస్తీలో నిలబడి ఓడిపోయారు. ఉర్దూ మాట్లాడే బస్తీలో ఉర్దూ షాయర్ ఓడారు. తెలుగు మాట్లాడే పల్లెల్లో అదే షాయర్ గెలిచారు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా మనవాళ్లు ఎక్కడ గెలుస్తారు, ఎక్కడ గెలవరు అని లెక్కలేసుకునే మనకు ఈ కథ తప్పకుండా తెలియాలి.

అందోల్ నుంచి సిటీ కాలేజీ దాకా

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా అందోల్‌లో పుట్టారు. ఇప్పుడది సంగారెడ్డి జిల్లాలో ఉంది. చిన్న వయసులోనే తండ్రి నీడ పోయింది. చాచా బషీరుద్దీన్ దగ్గర పెరిగారు. ఇంట్లో దీనీ వాతావరణం. మసీదు ఊడవడం, వజూకు నీళ్లు నింపడం లాంటి పనులు పిల్లాడిగా చేశారని ఆయన గురించి రాసినవాళ్లు చెబుతారు. రష్యా అనే దేశంలో గొప్ప, బీద తేడా లేకుండా అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటారట అని చాచా చెప్పిన మాట ఆ పిల్లాడి మనసులో పడిపోయిందని కూడా అంటారు.

హైదరాబాద్ వచ్చి ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు. డబ్బుకు చాలా కష్టం. దొరికిన చిన్నాచితకా పనులన్నీ చేస్తూనే 1936లో ఎంఏ పూర్తి చేశారు. కాలేజీ రోజుల్లో రాసిన ఒక పసుపు శాలువా మీది నవ్వుల నజ్మ్‌తో హాస్టళ్లలో పేరు వచ్చింది. నాటకాలు కూడా రాశారు. 1939 ప్రాంతంలో మూసీ ఒడ్డున, హైకోర్టు పక్కన ఉన్న సిటీ కాలేజీలో ఉర్దూ చెప్పే ఉద్యోగం దొరికింది. అప్పట్లో అది ఒక కుటుంబం నిశ్చింతగా బతికే నౌకరీ.

ఆ నౌకరీని ఆయన ఎక్కువ కాలం ఉంచుకోలేదు. రాజ్ బహదూర్ గౌర్, జవాద్ రజ్వీ లాంటి స్నేహితులతో కలిసి కామ్రేడ్స్ అసోసియేషన్‌లో పనిచేస్తూ కమ్యూనిస్టు పార్టీలోకి వెళ్లారు. కొన్నేళ్లకే కాలేజీ వదిలేసి కార్మిక సంఘాల పనికి పూర్తిగా దిగారు. రైల్వే, మిల్లుల కార్మికుల దగ్గర ఆయన పేరు మార్మోగింది. 1946లో హైదరాబాద్ సంస్థానం కార్మిక సంఘాలన్నీ కలిసి పెట్టుకున్న ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు ఆయనే అధ్యక్షుడు. ఈలోపు 1944లో మొదటి కవితల పుస్తకం 'సుర్ఖ్ సవేరా' వచ్చింది.

నల్గొండ పల్లెలకు ఆయన పేరు ఎలా చేరింది

పట్నంలో ఉర్దూ షాయరీ రాసుకునే మనిషి పేరు కృష్ణా నది దగ్గరి పల్లెల్లో ఎలా తెలిసింది? దీనికి జవాబు ఆ కాలపు భూముల కథలో ఉంది.

నిజాం రాజ్యంలో, ముఖ్యంగా నల్గొండ, వరంగల్ జిల్లాల్లో వేల ఎకరాలు దేశ్‌ముఖుల చేతుల్లో ఉండేవి. కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించుకునే వెట్టి ఉండేది. కామారెడ్డిగూడెంకు చెందిన షేక్ బందగీ అనే పేద రైతు తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెళ్లి పోరాడాడు. 1940లో ఆయన్ని చంపేశారు. ఇప్పటికీ తెలంగాణ రైతు పోరాటం గురించి మాట్లాడేవాళ్లు ఆయన పేరు తలుచుకుంటారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పుల్లో చనిపోయాక ఆ కోపం ఊరూరా పాకింది.

1947 సెప్టెంబర్ 11న నిజాం పాలన మీద సాయుధ పోరాటానికి పిలుపు ఇస్తూ ఒక ప్రకటన వచ్చింది. దాని కింద మూడు పేర్లు ఉన్నాయి. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. ఇద్దరు తెలుగు రెడ్లు, ఒక ఉర్దూ షాయర్. నల్గొండ రైతుకు మఖ్దూం పేరు తెలిసింది ముషాయిరాలో కాదు, ఈ కాగితం మీద. తెలంగాణ పల్లె ఆడపడుచు మీద ఆయన ఉర్దూలో నజ్మ్ కూడా రాశారు.

ఈ పోరాటంలో సుమారు 3 వేల గ్రామాలు తమ చేతికి వచ్చాయని, 10 లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టు పార్టీ లెక్క. మఖ్దూం ఏళ్ల తరబడి రహస్య జీవితం గడిపారు. 1951లో అరెస్టయ్యారు. అదే ఏడాది అక్టోబర్‌లో పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది.

1948 తర్వాత మనవాళ్ల పరిస్థితి

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. 1947, 48లో రజాకార్లు తెలంగాణ పల్లెల్లో చేసిన దౌర్జన్యాలు చిన్నవి కావు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి ఊరి మీద పడి జనాన్ని చంపారు. వాళ్లను ఎదిరించి రాసిన 'ఇమ్రోజ్' పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను అదే నెలలో హైదరాబాద్‌లోనే నరికి చంపారు. ఆయన కూడా ముస్లిమే.

సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ వచ్చింది. దాని వెనకాలే చాలా జిల్లాల్లో, ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ వైపు, ఏ పాపం తెలియని ముస్లింలు వేలల్లో చనిపోయారు. ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ సంఖ్యను 27 వేల నుంచి 40 వేల మధ్య అంచనా వేసింది. నౌకరీలు పోయినవాళ్లు, ఇల్లు వదిలి పట్నం చేరినవాళ్లు ఎందరో. మన పెద్దవాళ్లు ఆ రోజుల గురించి ఎక్కువ మాట్లాడకపోవడానికి కారణం ఇదే.

ఇదంతా జరిగిన నాలుగేళ్లలోపే ఓటు వచ్చింది. అప్పటి మనుషుల మనసుల్లో ఎంత భయం, ఎంత అనుమానం ఉండి ఉంటాయో ఊహించుకోండి. ఒక తెలుగు రైతు తన ఊళ్లో రజాకార్లను చూసి నాలుగేళ్లు కాలేదు. అలాంటి రైతు ముందు ఒక ముస్లిం పేరు అభ్యర్థిగా నిలబడింది.

మొదటి ఎన్నికలు, మొదటి ఓటమి

1952 ఎన్నికలు మనవాళ్లకు రెండు రకాలుగా కొత్త. ఒకటి, 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు. చదువు, ఆస్తి, ఆడ, మగ తేడా లేదు. నిజాం రాజ్యంలో ఇలాంటి ఓటు ఎప్పుడూ లేదు. రెండు, బ్రిటిష్ ఇండియాలో ముస్లింలకు ఉండిన ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. ముస్లింలకు సీట్లు రిజర్వు చేయాలన్న ఆలోచన కూడా రాజ్యాంగ సభలో 1949లో ఆగిపోయింది. అంటే ఇకమీదట ముస్లిం అభ్యర్థి గెలవాలన్నా, ఓడాలన్నా అందరి ఓటుతోనే.

హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద అప్పటికి నిషేధం ఉంది. అందుకని పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్, అంటే పీడీఎఫ్ పేరు మీద పోటీ చేశారు. మఖ్దూం హైదరాబాద్‌లో శాలిబండ నుంచి నిలబడ్డారు. అది చార్మినార్‌కు దగ్గరి బస్తీ. ఆయన చదువు చెప్పిన కాలేజీ కూడా అక్కడికి దూరం కాదు. భాష మనది, మనుషులు మనవాళ్లు. ఐతే సీటు కాంగ్రెస్ తరఫున నిలబడిన మాసూమా బేగంకు వెళ్లింది.

ఈ ఓటమిని చూసి పాతబస్తీ జనానికి షాయర్ విలువ తెలియలేదు అనుకోవడం తొందరపాటు. మాసూమా బేగం కూడా చిన్న మనిషి కాదు. ఆడపిల్లల చదువు కోసం, మహిళా సంఘాల్లో ఎన్నో ఏళ్లు పనిచేసిన మనిషి. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి కూడా అయ్యారు. ఒక ముస్లిం మహిళను మొదటి ఎన్నికల్లోనే అసెంబ్లీకి పంపిన బస్తీ అది. పైగా పోలీస్ యాక్షన్ దెబ్బ నుంచి ఇంకా తేరుకోని కుటుంబాలు పాలించే పార్టీ వైపు ఉంటేనే కాస్త భద్రత అనుకుని ఉంటే, దాన్ని తప్పు పట్టలేం.

హుజూర్‌నగర్ ఉప ఎన్నిక

మొత్తం రాష్ట్రంలో ఫలితాలు వచ్చాక లెక్క ఇలా ఉంది. అసెంబ్లీలో 175 సీట్లు. కాంగ్రెస్‌కు 93. పీడీఎఫ్‌కు 42. అంటే దాదాపు నాలుగింట ఒక సీటు నిషేధంలో ఉన్న పార్టీ మనుషులకు వచ్చింది. అందులో ఎక్కువ భాగం తెలంగాణ జిల్లాల నుంచే. నల్గొండ లోక్‌సభ సీటులో రావి నారాయణరెడ్డికి 3 లక్షల 9 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. దేశం మొత్తం మీద అంత ఎక్కువ ఓట్లు ఇంకెవరికీ రాలేదు, నెహ్రూకు కూడా. ఐతే నల్గొండ అప్పుడు ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు ఉండేవి. ఆ సంగతి కూడా కలుపుకుని చూడాలి. అది చూసినా ఆ జిల్లా గాలి ఎటు వీచిందో తెలుస్తుంది.

అదే ఏడాది నల్గొండ జిల్లా హుజూర్‌నగర్ అసెంబ్లీ సీటుకు ఉప ఎన్నిక వచ్చింది. పీడీఎఫ్ మఖ్దూంను నిలబెట్టింది. ఆయన గెలిచారు.

ఈ గెలుపును కాస్త నిదానంగా చూడాలి. హుజూర్‌నగర్ ముస్లింలు ఎక్కువగా ఉన్న చోటు కాదు. మఖ్దూం ఆ ఊరివాడు కాదు, ఆ జిల్లావాడూ కాదు. కులం అండ లేదు, డబ్బు లేదు. రాసేది ఉర్దూలో. రజాకార్ల గాయం ఇంకా పచ్చిగా ఉంది. మామూలు లెక్క ప్రకారం చూస్తే ఇందులో ఒక్కటి కూడా ఆయనకు కలిసొచ్చేది కాదు.

మరి కలిసొచ్చింది ఏమిటి? భూమి కోసం, వెట్టి పోవడం కోసం జరిగిన పోరాటంలో ఆయన ఎటువైపు నిలబడ్డారో ఆ జనానికి తెలుసు. రజాకారు అంటే ముస్లిం, ముస్లిం అంటే రజాకారు అని ఆ ఓటర్లు అనుకోలేదు. అనుకుని ఉంటే మఖ్దూంకు అక్కడ డిపాజిట్ దక్కడం కూడా కష్టమయ్యేది. పార్టీ బలం వెనక ఉన్న మాట నిజమే. పీడీఎఫ్ ఆ జిల్లాలో ఎవరిని నిలబెట్టినా గెలుస్తుంది అనేవాళ్లు ఉండొచ్చు. కానీ ఓటరు కాగితం పెట్టెలో వేసేటప్పుడు ఆ పేరు తెలిసే వేశాడు గదా.

ఇంకో సంగతి. ఆ ప్రాంతానికి హిందూ, ముస్లింలు కలిసి ఉండటం కొత్త కాదు. ఇప్పటి పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గాకు జనవరిలో జరిగే ఉర్సులో అన్ని కులాలవాళ్లు కనిపిస్తారు. సైదులు మొక్కు మొక్కి పుట్టిన పిల్లలకు సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అని పేర్లు పెట్టుకునే అలవాటు ఆ వైపు హిందూ ఇళ్లలో ఉంది. ఊరి పేరే చూడండి, హుజూర్ ఒక వైపు మాట, నగర్ ఇంకో వైపు మాట. అలాంటి చోట ఒక మొహియుద్దీన్‌ను తమవాడు అనుకోవడం జనానికి అంత కష్టం కాలేదేమో.

అసెంబ్లీలో, మండలిలో

అప్పటి హైదరాబాద్ అసెంబ్లీలో తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాల సభ్యులు కలిసి కూర్చునేవారు. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. పీడీఎఫ్ ప్రధాన ప్రతిపక్షం. కౌలు రైతుల హక్కులు, భూ సంస్కరణలు ఆ సభలో పెద్ద చర్చలు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మఖ్దూం పార్టీ మొదటి నుంచీ విశాలాంధ్ర కావాలన్నదే. 1957లో తెలంగాణ ప్రాంతానికి మళ్లీ ఎన్నికలు జరిగాయి. హుజూర్‌నగర్‌తో మఖ్దూం ఎమ్మెల్యే బంధం ఆ ఒక్క విడతతో ముగిసింది.

ఆ తర్వాత ఆయన శాసన మండలిలోకి వెళ్లారు, అక్కడ ప్రతిపక్ష నాయకుడిగా ఉన్నారు. మండలి సభ్యులను జనం నేరుగా ఎన్నుకోరు. కాబట్టి మామూలు ఓటరు వేలితో ఆయనకు దక్కిన చట్టసభ సీటు ఒక్కటే. అది హుజూర్‌నగర్‌ది. 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలినప్పుడు సీపీఐలోనే ఉండిపోయారు.

రాజకీయం ఆయన కలాన్ని ఆపలేదు. 1961లో 'గులే తర్', 1966లో 'బిసాతే రఖ్స్' వచ్చాయి. ఆఫ్రికా నాయకుడు లుముంబా హత్య మీద నజ్మ్ రాశారు. 1964లో 'చా చా చా' సినిమాలో ఆయన మల్లె పందిరి నజ్మ్‌ను రఫీ, ఆశా భోంస్లే పాడారు. 'బిసాతే రఖ్స్'కు 1969 సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. అదే ఏడాది, తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజుల్లో, ఆగస్టు 25న ఢిల్లీలో గుండెపోటుతో ఇంతెకాల్ అయ్యారు. వయసు 61. నాంపల్లిలో హజ్రత్ షా ఖామోష్ దర్గా కబ్రస్థాన్‌లో దఫన్ చేశారు.

ఆయన కమ్యూనిస్టు కావడం మన ఇళ్లలో కొందరికి ఇప్పటికీ నచ్చని విషయమే. అది వాళ్ల హక్కు. సాయుధ పోరాటం సరైన దారా కాదా అన్న వాదన కూడా ఇంకా తెగలేదు. కానీ నౌకరీ వదులుకున్నది, దాక్కుని బతికింది, జైలుకెళ్లింది తన ఇంటి కోసం కాదని ఆయన్ని ఒప్పుకోనివాళ్లు కూడా అంటారు.

ఈ కథ ఇప్పుడు ఎందుకు

హుజూర్‌నగర్ 2016 నుంచి సూర్యాపేట జిల్లాలో ఉంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాక వరి పండే ప్రాంతమైంది, సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. మధ్యలో నియోజకవర్గమే లేకుండా పోయి, సరిహద్దులు మార్చినప్పుడు 2009లో మళ్లీ వచ్చింది. 2019 అక్టోబర్‌లో అక్కడ ఇంకో ఉప ఎన్నిక జరిగి దేశం దృష్టిలో పడింది. 1952 ఉప ఎన్నికను మాత్రం గుర్తుచేసుకునేవాళ్లు తగ్గిపోయారు.

ఇప్పుడు మన దగ్గర ఎన్నికల మాట వస్తే మొదట అడిగేది ఒకటే. ఆ సీట్లో మనవాళ్ల ఓట్లు ఎన్ని? ఆ లెక్క అవసరమే. ఓటరు జాబితాలో పేర్లు లేకపోతే, పోలింగ్ రోజు ఇంట్లో కూర్చుంటే ఎవరూ మనల్ని లెక్కలోకి తీసుకోరు. కానీ ఆ లెక్క దగ్గరే ఆగిపోతే, మనవాళ్లు ఎక్కువ లేని వందల ఊళ్లలో మన పిల్లలు రాజకీయం వైపు చూడనే చూడరు. సర్పంచ్‌గా, వార్డు మెంబర్‌గా, ఎంపీటీసీగా నిలబడాలంటే ముందే చేతులెత్తేస్తారు.

మఖ్దూం జీవితం ఇచ్చే జవాబు వేరు. రైతు భూమి గురించి, కూలివాడి కూలి గురించి, ఊరి నీళ్ల గురించి ఎన్నికలకు ముందు నుంచే పనిచేసిన మనిషికి పక్క మతంవాడు కూడా ఓటు వేస్తాడు. అది కూడా మామూలు రోజుల్లో కాదు, గాయాలు మానని రోజుల్లో వేశారు. తనవాళ్లు ఎక్కువగా ఉన్న చోట గెలుపు ఖాయం కాదు, తక్కువగా ఉన్న చోట ఓటమి ఖాయం కాదు అని ఒకే ఏడాదిలో రెండు ఫలితాలు చూపించాయి.

ట్యాంక్‌బండ్ మీదుగా పిల్లలతో వెళ్లేటప్పుడు ఆ విగ్రహం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆయన మంచి షాయర్ అని పిల్లలకు చెప్పండి. దాంతోపాటు 1952లో హుజూర్‌నగర్ తెలుగు రైతులు ఓటేసి గెలిపించుకున్న ఎమ్మెల్యే అని కూడా చెప్పండి.